ఉర్దూ ఫారం, తెలుగు ఇల్లు: గుంటూరులో ఒక మధుమేహ కేసు

"బెంగ పెట్టుకుని షుగరు పెంచుకుంది" అనే మాట గుంటూరులో ఏ వీధి అరుగు మీద కూర్చున్నా వినబడుతుంది. మనసుకూ ఒంటికీ సంబంధం ఉందని జనానికి మేము కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆ సంబంధం ఏ దారిన నడుస్తుందన్నది మాత్రం తేల్చి చెప్పవలసిన విషయం, మా వృత్తి అదే. ఇక్కడ వ్రాస్తున్న కేసులో ఆ దారి మేము వెతికిన చోట లేదు. పైగా అది మా కంటికి కనబడకుండా అడ్డుపడిన వాటిలో మా ప్రశ్నపత్రమే మొదటిది.

ఈ వివరాలు ప్రచురించడానికి ఈ కేసులోని మహిళ అంగీకరించారు. వ్రాసిన భాగాలను తెలుగులో చదివి వినిపించి, ఆమె వద్దన్న రెండు సంగతులను తీసివేశాము. వయసు, కుటుంబ సభ్యుల సంఖ్య, వీధి, పని చేసే గోదాము వంటి వివరాలను మార్చాము లేదా విడిచిపెట్టాము. రక్తపరీక్షల అంకెలను మాత్రం మార్చలేదు.

నేపథ్యం

మా మనస్తత్వ శాస్త్ర విభాగం గుంటూరు నగరంలోని ముస్లిం, క్రైస్తవ కుటుంబాలలో దీర్ఘవ్యాధులు ఉన్న పెద్దలను కలిసి, వారి మానసిక ఒత్తిడి, వివక్షానుభవం, కుంగుబాటు ఏ స్థాయిలో ఉన్నాయో, వాటికీ రక్తపోటుకూ మూడు నెలల సగటు షుగరును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షకూ ఎంత పొంతన ఉందో పరిశీలిస్తోంది. వెనుక ఉన్న సిద్ధాంతం పాతదే. 1977లో జార్జ్ ఎంగెల్ రోగాన్ని శరీరం, మనసు, సమాజం అనే మూడు కోణాల నుంచీ కలిపి చూడాలని ప్రతిపాదించాడు. 1993లో మెక్‌ఈవెన్, స్టెల్లార్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎడతెగని ఒత్తిడి శరీరాన్ని కొద్దికొద్దిగా అరగదీస్తుందని, ఆ అరుగుదలను కొలవవచ్చని వాదించారు. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను కాలేయం నుంచి గ్లూకోజు విడుదలను పెంచుతుంది, ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుంది. కాబట్టి అల్పసంఖ్యాక వర్గానికి చెందినందువల్ల పడే అదనపు ఒత్తిడి షుగరు అంకెలో కనబడాలన్నది మా ఊహ.

కుంగుబాటుకు 2001లో వెలువడిన పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని వాడాము. దానిలో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి సున్నా నుంచి మూడు వరకు గుర్తులు, మొత్తం 27. పది లేదా అంతకు మించి వస్తే వైద్యుడు శ్రద్ధగా చూడవలసిన స్థితి అని సాధారణంగా భావిస్తారు. వివక్షకు 1997లో డేవిడ్ విలియమ్స్ బృందం ప్రచురించిన నిత్యజీవిత వివక్షా మాపకాన్ని తీసుకున్నాము. ఈ రెండింటికీ తెలుగు, ఉర్దూ ఫారాలు సిద్ధం చేసుకున్నాము. ఏ ఇంట్లో ఏ ఫారం తీయాలన్నది క్షేత్ర సిబ్బంది ముందే నిర్ణయించుకోవాలి. పేరు చివర 'బీ' అనో 'బేగం' అనో ఉంటే ఉర్దూ ఫారం తీయాలని శిక్షణ రోజున ఒక సులువు చెప్పాము. చెప్పినది నేనే.

ఎదురైన సమస్య

ఆమెకు నలభైల వయసు. భర్త లేరు. కొడుకు, కోడలితో కలిసి అద్దె ఇంట్లో ఉంటారు. సీజన్‌లో మిర్చి గోదాములో తొడిమలు తీసే పని, సీజన్ అయిపోతే కోల్డ్ స్టోరేజీలలో ఏ పని దొరికితే ఆ పని. ఎగుమతికి పోయే తేజ రకం కాయకు తొడిమ ఉండకూడదని కొనేవారు అడుగుతారు కనుక, ఆ తొడిమ తీసే ఆడవాళ్ళు పొద్దుటినుంచి పొద్దుపోయే దాకా నేలమీద కూర్చుని ఆ ఘాటులోనే పని చేస్తారు. కూలి కిలో లెక్కన. లేచిన ప్రతిసారీ కిలో తగ్గుతుంది.

మధుమేహం బయటపడి ఆరేళ్ళయింది. పట్టణ ఆరోగ్య కేంద్రంలో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్రలు ఇస్తున్నారు. మా పరీక్షలో హెచ్‌బీఏ1సీ 10.4 శాతం వచ్చింది. అరికాళ్ళ మంట, నిద్ర పట్టకపోవడం, "గుండెల మీద రాయి పెట్టినట్టు" ఉండటం ఆమె చెప్పిన బాధలు. పీహెచ్‌క్యూ-9లో మాత్రం వచ్చినది 3. వివక్షా మాపకంలో సున్నా.

మా పరిశోధక విద్యార్థి ఈ ఫారాన్ని చూసి, ఒత్తిడి లేకుండానే షుగరు అదుపు తప్పినవారి జాబితాలో వేద్దామన్నాడు. అంకెల ప్రకారం అతని మాట సరైనదే. గుండెల మీద రాయి ఉందని చెప్పిన మనిషి, గడిచిన రెండు వారాల్లో ఒక్కనాడు కూడా దిగులుగా లేదని ఎలా జవాబిచ్చారన్నదే నన్ను ఆపింది. ఆ జవాబుల కాగితాన్ని పక్కన పెట్టి, మళ్ళీ కలుద్దామన్నాను.

ముందుగా చేసినవి, వాటి వెనుక ఆలోచన

అంకె నిజమైనదేనా అన్నది మొదటి ప్రశ్న. ఆమెకు రక్తహీనత ఉంది, హిమోగ్లోబిన్ 9.8. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా కొంత ఎక్కువగా చూపే అవకాశం ఉంది. మన ప్రాంతపు ఆడవాళ్ళ మీద పరిశోధన చేసేవారు ఈ మెలికను మరచిపోతే ఫలితాలన్నీ ఒకవైపు ఒరుగుతాయి. పరగడుపు షుగరు చూస్తే 212 వచ్చింది. అంకెలో కొంత తేడా ఉన్నా, షుగరు ఎక్కువగా ఉన్న మాట నిజం.

ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు దీనికి రెండు కారణాలు ఊహించారు: అన్నం, రంజాన్ ఉపవాసాలు. ఈ మధ్య కొన్నేళ్ళుగా రంజాన్ మిర్చి సీజన్‌లోనే వస్తున్నందున, పని చేస్తూ రోజా ఉండి, రాత్రి ఎక్కువగా తినడం వల్ల షుగరు చెదిరిందని ఆయన అభిప్రాయం. అది తర్కానికి నిలిచేదే. కాని మేము రక్తం తీసుకున్నది రంజాన్‌కు నాలుగు నెలల ముందు. హెచ్‌బీఏ1సీ చెప్పేది గడిచిన రెండు మూడు నెలల కథ మాత్రమే. పాత చీటీల్లో, అంతకు ముందు ఏడాది చలికాలపు అంకె కూడా 9.9 ఉంది. ముస్లిం రోగి అనగానే రంజాన్ గుర్తుకు రావడం వైద్యుల అలవాటు. దాన్ని తప్పుపట్టే అర్హత, శిక్షణ రోజున నేను చెప్పిన సులువు తరువాత, నాకు అంతగా లేదు.

అయినా ఆహార సలహా ఇప్పించాము, హాని లేదు కనుక. మూడు వారాల తరువాత పరగడుపు షుగరు దాదాపు అక్కడే ఉంది. తరువాత, నిద్రలేమి, గుండె బరువు కుంగుబాటు లక్షణాలు కావచ్చని, పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి ఉత్తరం వ్రాసి ఇచ్చాము. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి మాత్రల డబ్బాలో దాచుకున్నారు, వెళ్ళలేదు. ఓపీ వరుసలో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది; పిచ్చి డాక్టరు దగ్గరకు పోయిందని వీధిలో తెలిస్తే, అద్దె ఇల్లు దొరకడమే కష్టమైన చోట, ఇంటి యజమానికి ఇంకొక సాకు దొరుకుతుంది. ఈ కారణాలు మాకు అప్పుడు తెలియవు. మా నోట్సులో "సహకారం తక్కువ" అని వ్రాసుకున్నాము. గురువారం మధ్యాహ్నాలు ఆరోగ్య కేంద్రంలో నడిపిన శ్వాస సాధన బృందానికి ఆమె ఒక్కరోజు వచ్చి మానేశారు. గురువారం మధ్యాహ్నం పని వేళ అని మాకు తట్టకపోవడం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు.

రెండవసారి తెలుగు ఫారంతో వెళ్ళాము. కోడలు పక్కనే కూర్చుంది. ప్రశ్నలో "పనులపై ఆసక్తి సన్నగిల్లడం" అని ఉంది. "ఆసక్తి అంటే ఏంటమ్మా?" అని ఆమె అడిగారు. కోడలు నవ్వి, "అదే అత్తా, ఇంట్రెస్టు" అంది. ఆమె "ఉంది, ఉంది" అన్నారు. ఈసారి గుర్తులు 4. రెండు భాషల్లోనూ ఒకే ఫలితం వచ్చింది కనుక ప్రశ్నావళి నమ్మదగినదేనని మా విద్యార్థి సంతోషించాడు. ఒకే తప్పు రెండుసార్లు జరిగినా ఫలితం ఒకటిగానే వస్తుందన్న సంగతి మాకు ఆ వారం తట్టలేదు.

దారి మారిన చోటు

మా క్షేత్ర సిబ్బందిలో యాభై దాటిన ఒక మహిళ ఉన్నారు. పక్క పేటలోనే పుట్టి పెరిగారు, చదువు పదో తరగతి. ఆమె ఒకనాడు ఫారాలు కట్ట కడుతూ, "మేడం, ఆవిడకు ఉర్దూ రాదు. మీరడిగిన వాటన్నిటికీ 'నై' అంటే సరిపోతుందని అనేసింది" అన్నారు. పాత ఫారం తీసి చూస్తే, దాదాపు ప్రతి ప్రశ్నకూ జవాబు 'లేదు'. ఆ 3 గుర్తులు కూడా నిద్ర గురించిన ఒకే ప్రశ్నకు వచ్చినవి. అందులో 'నీంద్' అన్న మాట ఒక్కటి ఆమెకు తెలుసు.

ఉర్దూ రాదని ఎందుకు చెప్పలేదన్నదే ఈ కేసుకు తాళంచెవి. ఆమె దూదేకుల కుటుంబానికి చెందినవారు. నూర్‌బాషా, పింజారి అని కూడా అనే ఈ సమూహం దూది ఏకడం, పరుపులు కుట్టడం కులవృత్తిగా గలది. వెనుకబడిన తరగతుల జాబితాలో వీరు బీసీ-బీ. 2007లో కొన్ని ముస్లిం సమూహాల కోసం ఏర్పరచిన బీసీ-ఈలో వీరు లేరు. వీరిలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు. ఆచారాలు చాలావరకు ఇరుగుపొరుగుతో కలిసిపోయి ఉంటాయి. "సాయిబుల్లో మేం తెలుగోళ్ళం, తెలుగోళ్ళలో మేం సాయిబులం" అని ఆమె తరువాత ఒక సందర్భంలో అన్నారు. ఉర్దూ మాట్లాడే వీధిలో ఆ భాష రాకపోవడం మీద ఆమె విన్న ఎగతాళి ఇరవై ఏళ్ళనాటిది. ఆ గాయం మీదనే మేము ఉర్దూ ఫారం తెచ్చి పెట్టాము. రాదని ఒప్పుకునే కన్నా 'నై' అనడం ఆమెకు తేలిక.

వివక్షా మాపకంలో సున్నా రావడానికీ ఇంకొక కారణం ఉంది. అమెరికాలోని డెట్రాయిట్ ప్రజల అధ్యయనంలో రూపుదిద్దుకున్న ఆ ప్రశ్నల్లో ఒకటి, హోటళ్ళలో, దుకాణాల్లో మీకు ఇతరులకన్నా నాసిరకంగా సేవ అందుతుందా అని అడుగుతుంది. ఆమె హోటలుకు వెళ్ళి కూర్చున్న సందర్భమే లేదు. ఆ ప్రశ్నలు వినగానే గుర్తుకు వచ్చేది బయటివారే. ఆమెను నొప్పించినవారిలో సగంమంది సొంత మతం వారు.

మూడవసారి అడిగిన తీరు

ఈసారి ఫారం ముందు పెట్టలేదు. ఎక్కడ కూర్చుందామన్నది ఆమెనే నిర్ణయించమన్నాము. ఇల్లు వద్దు, గోదాము వద్దు, ఆరోగ్య కేంద్రం అసలే వద్దన్నారు. చివరకు ఒక ఆదివారం సాయంత్రం, మా క్షేత్ర కార్యకర్త ఇంటి డాబా మీద కూర్చున్నాము. అడగవలసినవాటికి ఆధారంగా ఆర్థర్ క్లైన్‌మన్ వైద్యుల కోసం రూపొందించిన ప్రశ్నలను పెట్టుకున్నాము. ఈ జబ్బు ఎందుకు వచ్చిందనుకుంటున్నారు, ఇది మీ ఒంట్లో ఏం చేస్తోందనుకుంటున్నారు, దీనిలో మీకు అన్నిటికన్నా భయం ఏది అన్నవి వాటిలో కొన్ని. మొదటి రెండింటికీ అందరూ చెప్పే జవాబులే వచ్చాయి. మూడవదానికి ఆమె కాసేపు మాట్లాడలేదు.

"షుగరు ఎక్కువైతే చస్తే ఎప్పుడో చస్తాను. తక్కువైతే ఆ రోజే పని పోద్ది" అన్నారు.

రెండేళ్ళ క్రితం సీజన్‌లో, పొద్దున మాత్ర వేసుకుని, లోడు తొందర వల్ల అన్నం ఆలస్యమైన రోజున, చేతులు వణికి, చెమటలు పట్టి, మాట తడబడి, ఆమె కాయల కుప్ప మీదికి ఒరిగిపోయారు. గ్లిమెపిరైడ్ తిన్నామా లేదా అని చూడదు. ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది, తిండి ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. అక్కడున్నవారికి అది తెలియదు. గాలి సోకిందన్నారు. దర్గాకు తీసుకువెళ్ళారు. అక్కడ ఒక పెద్దావిడ ఏం జరిగిందని ఉర్దూలో అడిగితే జవాబు చెప్పలేకపోయారు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మర్నాడు మేస్త్రీ పదిరోజులు రావద్దన్నాడు. కింద పడిన అవమానం, మాట రాని అవమానం ఆమె మనసులో ఒకటిగా ముడిపడిపోయాయి.

ఆనాటినుంచి పని ఉన్న రోజుల్లో గ్లిమెపిరైడ్ మానేశారు. అది చాలదన్నట్టు, మళ్ళీ కళ్ళు తిరగకుండా కాపలాగా రోజుకు నాలుగైదు సార్లు చక్కెర ఎక్కువ వేయించుకుని టీ తాగుతున్నారు. చీటీ మీద మందు ఉంది, డబ్బాలో మాత్రలు ఉన్నాయి, కేంద్రంలో అడిగితే వేసుకుంటున్నానని జవాబు ఉంది. ఆరేళ్ళ వైద్యంలో, ఆమెకు షుగరు తగ్గడమంటే భయమా అని అడిగినవారు ఒక్కరూ లేరు.

తరువాతి నిర్ణయాలు

ఆమెకు ముందుగా మందుల సంగతి సరిచేయాలా, మానసిక వైద్య సహాయం ఇప్పించాలా అన్నది మాలో చర్చకు వచ్చింది. మనస్తత్వ శాస్త్ర విభాగం వాళ్ళం కనుక రెండవదాని వైపే మా మొగ్గు ఉండాలి. నేను మొదటిదే ఎంచుకున్నాను. ఆమె భయం వట్టి ఊహ కాదు. ఆ మందు, ఆ పని వేళలు కలిస్తే అది మళ్ళీ జరిగే అవకాశం నిజంగానే ఉంది. ఆధారం ఉన్న భయాన్ని శ్వాస సాధనతో తగ్గించబూనడం, నిప్పు అలాగే ఉంచి పొగను విసనకర్రతో తోలడం వంటిది.

ఆమె అనుమతితో వైద్యుడికి విషయం చెప్పాము. ఆయన నొచ్చుకోకుండా విన్నారు. గ్లిమెపిరైడ్ ఆపి, షుగరు అంతగా పడిపోనివ్వని రకం మాత్రకు మార్చి, మెట్‌ఫార్మిన్‌ను కొనసాగించారు. గ్లూకోజు పొడి పొట్లం కొంగున కట్టుకోవడం, వణుకు మొదలవగానే మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగి పావుగంట ఆగడం, తగ్గకపోతే మళ్ళీ తాగడం నేర్పించాము. అది చేతిలో ఉన్నాక చక్కెర టీలు వాటంతట అవే రెండుకు దిగాయి.

మేస్త్రీతో మాట్లాడదామని మాలో ఒకరు ప్రతిపాదించారు. మంచి ఉద్దేశమే. ఆమె వద్దన్నారు. రోగం ఉందని అతనికి తెలిసిన రోజు నుంచి ప్రతి తలనొప్పీ లెక్కలోకి వస్తుందన్నది ఆమె వాదన, దానికి మా దగ్గర జవాబు లేదు. బదులుగా, పక్కన కూర్చుని పని చేసే ఒక స్నేహితురాలికి చెబుతానన్నారు. చెప్పారు. ఆ స్నేహితురాలికి కూడా షుగరు ఉందని ఆ రోజే తెలిసింది.

పరిశోధకుల పాత్ర గురించి మేము ఎక్కువసేపు ఆలోచించినది ఇక్కడే. మాది చూసి వ్రాసుకునే అధ్యయనం, చికిత్స చేసేది కాదు. మేము జోక్యం చేసుకున్న క్షణం నుంచి ఆమె అంకెలు మా పట్టికకు పనికిరావు. పట్టిక కోసం మౌనంగా ఉండటం అనే మార్గం మాత్రం భారత వైద్య పరిశోధన మండలి 2017 నీతి మార్గదర్శకాలను తెరవకుండానే తప్పని తెలుస్తుంది. జోక్యం తేదీని నమోదు చేసి, ఆ తరువాతి కొలతలను ప్రధాన విశ్లేషణ నుంచి తొలగించి, మొదటి రెండు ఫారాలకు "భాష కుదరలేదు" అన్న గుర్తు పెట్టి, నీతి సంఘానికి తెలియజేశాము.

ఫలితం

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 8.6, ఆరు నెలలకు 7.9. హిమోగ్లోబిన్‌కు వాడిన ఇనుము మాత్రల వల్ల కూడా ఈ తగ్గుదలలో కొంత భాగం వచ్చి ఉండవచ్చు. పరగడుపు షుగరు 138కి దిగింది కనుక అంతా దానివల్లనే అనుకోనవసరం లేదు. అరికాళ్ళ మంట అలాగే ఉంది.

పీహెచ్‌క్యూ-9 గుర్తులు మాత్రం పెరిగాయి. మూడవ నెలలో, ఒంటరిగా ఉన్నప్పుడు, ప్రతి ప్రశ్ననూ ముందు ఉన్నది ఉన్నట్టు చదివి, తరువాత "ఏ పని మీదా మనసు పోవడం లేదా", "దిగులుగా ఉంటోందా" అని ఆమె మాటల్లో వివరించి అడిగితే 11 వచ్చాయి. తొమ్మిదవ ప్రశ్న, అంటే చనిపోవాలన్న ఆలోచన గురించినది, విడిగా, నెమ్మదిగా అడిగాము, అది సున్నా. షుగరు తగ్గుతుంటే కుంగుబాటు పెరిగిందని ఎవరైనా ఈ అంకెలను చూసి అనుకోవచ్చు. వివరించి అడిగినందువల్ల ఇది పాత ఫారాలతో పోల్చదగినది కాదు. పెరిగినది దిగులు అని నేను అనుకోను, చెప్పే ధైర్యం అనుకుంటాను. ఆ తరువాతే ఆమె, ఆరోగ్య కేంద్రానికి నెలకొకసారి సాయంత్రం వేళ వచ్చే కౌన్సెలర్‌ను కలవడానికి తనంతట తాను ఒప్పుకున్నారు. పెద్దాసుపత్రి ఉత్తరం ఇంకా ఆ డబ్బాలోనే ఉంది.

మాకు మిగిలినవి

కార్టిసాల్ ఊహను మేము వదులుకోలేదు. ఒక్క కేసుతో సిద్ధాంతం కూలదు, నిలబడదు. ఈమె విషయంలో అవమానానికీ షుగరుకూ మధ్య ఉన్న ప్రధానమైన దారి హార్మోన్లది కాదని మాత్రం నిబ్బరంగా చెప్పగలను. అది ప్రతి ఉదయం డబ్బా మూత తీసి, ఒక మాత్ర వేసుకుని, ఇంకొకటి వెనక్కి పెట్టే చేతిది. మా ఫారంలో మందులు వాడుతున్నారా అన్న ప్రశ్నకు అవును, కాదు అనే రెండు గళ్ళే ఉన్నాయి. ఇప్పుడు ఏ మాత్ర, ఏ రోజు, ఎందుకు మానేస్తారన్నది మూడు ప్రశ్నలుగా విడదీశాము. షుగరు పడిపోయి భయపడిన సందర్భం ఎప్పుడైనా ఉందా అన్నది నాలుగవది.

ఉర్దూ ఫారాల కట్టలు విప్పి, వరుసగా 'లేదు' అని నిండినవాటిని వేరు చేశాము. అవి ఒకటి రెండు కావు. ఆ ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది, గడువు పొడిగించమని విశ్వవిద్యాలయానికి లేఖ వ్రాయవలసి వచ్చింది. ఆలస్యానికి కారణం అన్న చోట 'పరిశోధకుల పొరపాటు' అని వ్రాస్తే, అలా వ్రాయడం ఆనవాయితీ కాదని గుమాస్తా అన్నాడు. దిద్దలేదు.

'ఇంటి భాష' అన్న గడిని ఇదివరకు మేము బయలుదేరే ముందే ఆఫీసులో, పేర్ల జాబితా ముందు పెట్టుకుని నింపేవాళ్ళం. ఇప్పుడు దాన్ని ఖాళీగా తీసుకువెళ్ళి, గుమ్మంలో వారినే అడిగి నింపుతున్నాము.